మారే అయస్కాంత క్షేత్రంలో స్పిన్: కోణాలన్నీ కూడితే జవాబు ఎందుకు తేడా వస్తోంది?

రవళి_ఎమ్మెస్సీ · ఆదివారం రాత్రి 10:50

అందరికీ నమస్తే. ప్రాజెక్టులో ఒక చోట చిక్కుకుపోయాను, కాస్త చూడండి.

ఒక ప్రోటాన్ స్పిన్, అంటే చిన్న అయస్కాంతపు బాణం లాంటిది. దాని మీద రెండు క్షేత్రాలు. జెడ్ దిశలో 43 మైక్రోటెస్లా, ఇది మారదు. ఎక్స్ దిశలో మొదట 10 మిల్లీటెస్లా, ఇది ఎక్స్‌పొనెన్షియల్‌గా తగ్గిపోతుంది. తగ్గే కాలం టౌ 100 మైక్రోసెకన్లు. స్పిన్ మొదట ఎక్స్ వైపు ఉంది. 1 మిల్లీసెకను తర్వాత ఎటు ఉంటుంది?

క్షేత్రం స్థిరంగా ఉంటే స్పిన్ దాని చుట్టూ క్షేత్రం బలాన్ని బట్టి ఉండే లార్మర్ వేగంతో తిరుగుతుంది, అక్కడి దాకా ఇబ్బంది లేదు. క్షేత్రం మారుతోంది కాబట్టి ఆ వేగాన్ని కాలంతో ఇంటిగ్రేట్ చేశాను. ఎక్స్ చుట్టూ 42.6 చుట్లు, జెడ్ చుట్టూ 1.83 చుట్లు వచ్చాయి. రెండిటినీ కలిపి ఒక వెక్టర్ చేసి, దాని చుట్టూ ఒకే భ్రమణం పెట్టాను. అదే లెక్క రన్గే-కుట్టాతో (కాలంలో చిన్న చిన్న అడుగులేస్తూ లెక్కించే న్యూమరికల్ పద్ధతి) చేస్తే వేరే జవాబు వస్తోంది. రెంటికీ పొంతనే లేదు. అడుగు సైజు తగ్గించినా తేడా పోవట్లేదు.

గైడ్ సర్ "రొటేషన్ ఆపరేటర్‌తో చెయ్యమ్మా, అయిపోతుంది" అన్నారు. నేను చేసింది అదే కదా! వైవా దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది.

చైతన్య77 · ఆదివారం రాత్రి 11:15

రన్గే-కుట్టా జవాబు రాసేసి వైవాకి వెళ్ళిపోండి. సగం సమస్యలు అలాగే తీరతాయి.

సగంకోణం · ఆదివారం రాత్రి 11:58

చైతన్య గారి సలహా వైవాలో రెండో ప్రశ్నకే దొరికిపోతుంది. ముందు మీ ఫార్ములా ఏం చెబుతోందో చూద్దాం రవళి గారూ.

ఎక్స్ చుట్టూ 42.6, జెడ్ చుట్టూ 1.83 కలిపిన వెక్టర్ ఎక్స్ అక్షం నుంచి రెండున్నర డిగ్రీలే వంగి ఉంటుంది. ఎక్స్ వైపు ఉన్న స్పిన్‌ను దాని చుట్టూ ఎంత తిప్పినా ఎక్స్ నుంచి 5 డిగ్రీలు దాటి వెళ్ళదు. కానీ 1 మిల్లీసెకను నాటికి మీ ఎక్స్ క్షేత్రం అర మైక్రోటెస్లా లోపుకి పడిపోయింది. మిగిలింది జెడ్ ఒక్కటే. స్పిన్‌లో జెడ్‌కు లంబంగా మిగిలిన భాగం ఎంతో కొంత ఉంటే, అది జెడ్ చుట్టూ మిల్లీసెకనుకు 1.83 చుట్ల చొప్పున తిరుగుతూ ఉండాలి. లెక్కని ఇంకో మిల్లీసెకను పొడిగించండి. మీ ఫార్ములా స్పిన్‌ను ఇంకా ఎక్స్ పక్కనే, 10 డిగ్రీల లోపే కూర్చోబెడుతుంది. అంటే ఎప్పుడో చచ్చిపోయిన క్షేత్రం ఇంకా స్పిన్‌ను పట్టుకుని ఉందన్నమాట. తేడా మీ ఫార్ములాలోనే ఉంది, రన్గే-కుట్టాలో కాదు.

కారణం ఒక్కటే. వేర్వేరు అక్షాల చుట్టూ తిప్పడాలను కూడికలా కలపకూడదు. ఎక్స్ చుట్టూ 90 డిగ్రీలు, ఆ తర్వాత వై చుట్టూ 90 డిగ్రీలు తిప్పండి. చేతిలో ఏ పుస్తకం ఉంటే దానితో చేసి చూడండి. రెండూ కలిసి ఒకే భ్రమణానికి సమానం: 120 డిగ్రీలు, అక్షం ఎక్స్, వై, మైనస్ జెడ్‌ల మధ్యగా వెళ్ళే కర్ణం. క్రమం మార్చి ముందు వై, తర్వాత ఎక్స్ చేస్తే కోణం మళ్ళీ 120 డిగ్రీలే, కానీ అక్షం ప్లస్ జెడ్ వైపుకి మారిపోతుంది. మీ పద్ధతిలో కూడితే 127 డిగ్రీలు, అక్షం ఎక్స్-వై తలంలోనే. రెండిటిలో ఏదీ కాదు.

ఎక్స్‌పొనెన్షియల్ లోపల ఇంటిగ్రల్ పెట్టడం చెల్లాలంటే క్షేత్రం బలం ఎంతైనా మారొచ్చు, దిశ మాత్రం మారకూడదు. మీ కేసులో మారేదే దిశ.

రవళి_ఎమ్మెస్సీ · సోమవారం ఉదయం 7:20

ఆ 5 డిగ్రీల మాట చదివాక నవ్వొచ్చింది సర్, చాలా క్లియర్‌గా అర్థమైంది. మరి భ్రమణాలతో చేయడమంటే ఎలా చేయాలి? కాలాన్ని ముక్కలు చేసి వరసగా గుణించుకుంటూ పోవడమేనా?

శ్రీకర్_ఎన్ఎంఆర్ · సోమవారం ఉదయం 9:05

ముక్కలు చేసే ముందు తిరిగే ఫ్రేమ్ సంగతి చూడండి. మా ఎన్ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంలో పరమాణు కేంద్రకాల స్పిన్‌లను చూసే పద్ధతి) ల్యాబులో ఎవరూ నిలబడిన ఫ్రేమ్‌లో లెక్కలు చేయరు.

ఉదాహరణకి 1.5 టెస్లా అయస్కాంతం. ప్రోటాన్ సెకనుకు 6.387 కోట్ల చుట్లు తిరుగుతుంది. దానికి లంబంగా 5.87 మైక్రోటెస్లా క్షేత్రాన్ని అదే వేగంతో తిప్పుతూ 1 మిల్లీసెకను పాటు ఇచ్చామనుకోండి. బయటి నుంచి చూస్తే స్పిన్ ఆ మిల్లీసెకనులో దాదాపు 64 వేల చుట్లు తిరుగుతూ, మెల్లగా కిందికి వాలుతూ, అడ్డంగా పడుకునేదాకా వస్తుంది. ఇప్పుడు మనం కూడా ఆ క్షేత్రంతో పాటే తిరిగే ఫ్రేమ్‌లోకి ఎక్కుదాం. పెద్ద క్షేత్రం ప్రభావం పూర్తిగా మాయం. మిగిలింది కదలకుండా నిలబడ్డ ఆ చిన్న క్షేత్రం ఒక్కటే. దాని చుట్టూ సెకనుకు 250 చుట్లు, అంటే 1 మిల్లీసెకనుకు పావు చుట్టు. 64 వేల చుట్ల సినిమా ఒక్క 90 డిగ్రీల భ్రమణంతో అయిపోయింది. ఎంఆర్ఐలో "90 డిగ్రీల పల్స్" అనేది ఇదే.

పౌనఃపున్యం సరిగ్గా కుదరకపోతే పెద్ద క్షేత్రంలో కొంచెం మిగిలిపోతుంది. ఆ మిగిలినది చిన్న క్షేత్రంతో సమానమైతే, ఫలిత అక్షం 45 డిగ్రీలు వాలి ఉంటుంది. నిలువుగా మొదలైన స్పిన్ దాని చుట్టూ శంకువులా తిరిగి, మహా అయితే అడ్డం దాకా వస్తుంది, బోర్లా పడదు. అందుకే తిరగబడే సంభావ్యత అక్కడ సగం దాటదు. ఈ సంభావ్యతకు భౌతిక శాస్త్రవేత్త రాబీ 1937లో రాసిన ఫార్ములాని ఇలా బొమ్మ గీసుకుంటే బట్టీ పట్టక్కర్లేదు. ఆయనే ర్యామ్సే, ష్వింగర్‌లతో కలిసి 1954లో ఈ తిరిగే ఫ్రేమ్ పద్ధతి మీదే ప్రత్యేకంగా ఒక పేపర్ రాశారు.

సగంకోణం · సోమవారం ఉదయం 9:40

శ్రీకర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. కానీ రవళి గారి క్షేత్రం ఒకే వేగంతో తిరగట్లేదు. ఒక్కసారి ఎక్స్ నుంచి జెడ్‌కి వాలి ఆగిపోతుంది. రాబీ ఫ్రేమ్ ఇక్కడ పనికిరాదు.

దీనికి వేరే ఫ్రేమ్ ఉంది: క్షేత్రం దిశనే అక్షంగా పెట్టుకుని దానితో పాటు వాలే ఫ్రేమ్. అందులో క్షేత్రం ఎప్పుడూ ఒకే దిక్కున ఉంటుంది. అయితే ఫ్రేమ్ తిరుగుతోంది కాబట్టి, అది వాలే వేగం వై అక్షం మీద ఒక అదనపు క్షేత్రంలా కనిపిస్తుంది. ఈ అదనపు భాగం లార్మర్ వేగం ముందు చిన్నదైతే స్పిన్ క్షేత్రాన్ని అంటిపెట్టుకుని వెళ్ళిపోతుంది. పెద్దదైతే స్పిన్ వెనకబడిపోతుంది.

మీ అంకెలు వేద్దాం. రెండు భాగాలూ సమానమయ్యే క్షణంలో, అంటే క్షేత్రం 45 డిగ్రీల మీద ఉన్నప్పుడు, వాలే వేగం 1 బై 2 టౌ. ఆ క్షణంలో లార్మర్ వేగం 43 మైక్రోటెస్లాకు వచ్చేదానికి √2 రెట్లు, అంటే సెకనుకు సుమారు 16,300 రేడియన్లు. రెండూ సమానం కావాలంటే టౌ దాదాపు 31 మైక్రోసెకన్లు ఉండాలి. మీ 100 మైక్రోసెకన్లు దీనికి మూడు రెట్లు: పూర్తిగా నెమ్మదీ కాదు, హఠాత్తూ కాదు. అందుకే అంచనాలు కుదరక న్యూమరికల్‌గా చేయాల్సి వస్తోంది.

చైతన్య77 · సోమవారం మధ్యాహ్నం 1:12

ఒక డౌట్. వ్యంగ్యం కాదు, నిజంగానే అడుగుతున్నా. అక్షం చుట్టూ తిరిగే బాణం, కోణాలు, శంకువులు... ఇదంతా గైరోస్కోప్ లెక్కే కదా. క్వాంటం ఎక్కడుంది ఇందులో? తరంగ ప్రమేయం అన్న మాటే ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు.

పద్మజ_డైమండ్ · సోమవారం మధ్యాహ్నం 3:30

మంచి ప్రశ్నే. సగటు విలువల వరకు మీరన్నది పూర్తిగా నిజం. అయస్కాంత శక్తిలో స్పిన్ ఒకటో ఘాతంలో మాత్రమే ఉంటుంది. కాబట్టి ష్రోడింగర్ సమీకరణం నుంచి బయల్దేరినా సగటు దిశకి వచ్చేది క్లాసికల్ సమీకరణమే. ఉజ్జాయింపు ఏమీ లేదు, క్షేత్రం ఎంత వేగంగా మారినా సరే.

క్వాంటం ఎక్కడుందంటే, మొదటిది కొలతలో. బాణం 60 డిగ్రీలు వాలి ఉందంటే ఒక్క ప్రోటాన్‌ను కొలిచినప్పుడు "సగం పైకి" అని రాదు. పైకి అనో కిందికి అనో వస్తుంది. పైకి వచ్చే అవకాశం సగం కోణం కొసైన్ వర్గం, అంటే 75 శాతం.

రెండోది భ్రమణంలోనే. బాణం 360 డిగ్రీలు తిరిగితే ఎక్కడున్నది అక్కడికే వస్తుంది. స్థితి మాత్రం రాదు, దాని ముందు మైనస్ చేరుతుంది. 720 డిగ్రీలు తిరిగితేనే మొదటికొస్తుంది. ఒంటరి స్పిన్‌లో ఈ మైనస్ కనపడదు. అందుకే న్యూట్రాన్ పుంజాన్ని రెండు దారులుగా చీల్చి, ఒక దారిలో మాత్రమే క్షేత్రం పెట్టి, మళ్ళీ కలిపి చూశారు. 1975లో రౌఖ్ బృందం గ్రెనోబుల్‌లో, వెర్నర్ బృందం మిస్సోరీలో ఈ ప్రయోగం చేశాయి. కలిసిన పుంజం తీవ్రత 360కి కాదు, 720కి ఒకసారి మొదటికొచ్చింది. గైరోస్కోప్‌ను ఎన్నిసార్లు తిప్పినా ఇది చూపించలేరు.

మూడోది, రవళికి పనికొచ్చేది. స్పిన్ సగం కేసులో (ప్రోటాన్ ఇలాంటిదే) ఏ హామిల్టోనియన్, అంటే శక్తి ఆపరేటర్, రాసినా అది ఏదో ఒక క్షేత్రం చుట్టూ భ్రమణమే అవుతుంది. రెండు స్థాయిలున్న ఏ వ్యవస్థకైనా ఇంతే. మేసర్ల (మైక్రోవేవ్ లేజర్ లాంటివి) కోసం ఫైన్‌మన్, వెర్నన్, హెల్‌వార్త్ 1957లో ఈ బొమ్మనే వాడారు, అక్కడ అసలు అయస్కాంత క్షేత్రమే అవసరం లేదు. కానీ స్పిన్ 1కి వెళ్తే జాగ్రత్త. నేను పనిచేసే వజ్రంలోని ఎన్‌వీ కేంద్రంలో (ఒక కర్బనం బదులు నత్రజని, దాని పక్కనే ఒక ఖాళీ ఉండే చోటు) స్పిన్ వర్గం మీద ఆధారపడే పదం ఉంటుంది, 2.87 గిగాహెర్ట్జ్. దాని వల్ల వచ్చే కదలిక మామూలు త్రీడీ భ్రమణం కాదు, బాణం బొమ్మతో పట్టుకోలేం.

చైతన్య77 · సోమవారం మధ్యాహ్నం 3:52

720 సంగతి పేరు విన్నాను కానీ ప్రయోగం చేశారని తెలీదు. థాంక్స్ మేడం.

కిరోసిన్_బాబాయ్ · సోమవారం రాత్రి 8:15

ఇవాళే చూశాను ఈ థ్రెడ్. అమ్మాయ్ రవళీ, నీ సమస్య ఎక్కడి నుంచి తెచ్చుకున్నావో గానీ, 43 మైక్రోటెస్లా అనగానే నాకు అర్థమైపోయింది. అది హైదరాబాద్ చుట్టుపక్కల భూమి క్షేత్రం. నువ్వు రాసింది ప్రోటాన్ మ్యాగ్నెటోమీటర్ లెక్క. సర్వేల్లో నా సగం ఉద్యోగం దాన్ని మోయడంతోనే గడిచింది.

దాని సెన్సర్ అంటే ఒక సీసా నిండా కిరోసిన్, చుట్టూ రాగి కాయిల్. కాయిల్‌లో కరెంటు పంపితే కిరోసిన్‌లో ఉన్న హైడ్రోజన్ ప్రోటాన్లు కాయిల్ దిశకు మొగ్గుతాయి. కొన్ని సెకన్లు అలా ఉంచి కరెంటు టక్కున కోసేస్తాం. ప్రోటాన్లు భూమి క్షేత్రం చుట్టూ తిరగడం మొదలుపెడతాయి. అదే కాయిల్‌లో ఇప్పుడు సన్నని సిగ్నల్ పుడుతుంది, మన దగ్గర సుమారు 1830 హెర్ట్జ్. స్పీకర్‌కి కలిపితే వినిపిస్తుంది, ఒకటి రెండు సెకన్లలో సన్నగిల్లిపోతుంది. ఆ హెర్ట్జ్‌ను 23.487తో గుణిస్తే క్షేత్రం నానోటెస్లాల్లో వచ్చేస్తుంది. ఈ లెక్క నాకు నిద్రలో అడిగినా చెబుతాను. ప్యాకార్డ్, వేరియన్ అనే ఇద్దరు 1954లో మొదలుపెట్టిన పద్ధతి ఇది.

ఇక్కడ అసలు కిటుకంతా ఆ "టక్కున"లోనే ఉంది. కరెంటు నింపాదిగా తగ్గితే సిగ్నలే రాదు. మెషిన్ బాగానే ఉంటుంది, బ్యాటరీ బాగానే ఉంటుంది, మీటరు మాత్రం చెత్త అంకెలు చూపిస్తుంది. ఒకసారి ఫీల్డులో ఇలాగే అయితే కనెక్టర్లన్నీ విప్పి బిగించాం, సీసాలో కిరోసిన్ మార్చాం, ఫలితం లేదు. చివరికి చూస్తే కాయిల్‌లో నిల్వ ఉన్న శక్తిని వేగంగా కరిగించే భాగం పోయింది. కరెంటు తోక సాగుతోంది. ఆ తోక వెంబడే ప్రోటాన్లు బుద్ధిగా భూమి క్షేత్రం వైపు వాలిపోయి, దానికి సమాంతరంగా నిలబడిపోతున్నాయి. ఇక తిరగడానికి ఏముంది?

ఇంకో మాట. మన దగ్గర భూమి క్షేత్రం ఎక్కువ భాగం అడ్డంగా, ఉత్తరం వైపు ఉంటుంది. కాయిల్ అక్షం ఉత్తర-దక్షిణంగా పడిందంటే రెండు క్షేత్రాలూ ఇంచుమించు ఒకే గీత మీద ఉన్నట్టే, సిగ్నల్ పడిపోతుంది. కొత్తగా చేరిన కుర్రాళ్ళకి మొదట నేర్పేది ఇదే.

శ్రీకర్_ఎన్ఎంఆర్ · సోమవారం రాత్రి 8:31

బాబాయ్ గారూ, ఈ పోస్ట్‌కి దండం. సగంకోణం గారి "వాలే ఫ్రేమ్" అంటే ఏంటో ఇప్పుడు సరిగ్గా దిగింది.

మోడరేటర్ · సోమవారం రాత్రి 9:00

కిరోసిన్ ధర గురించి కింద పెట్టిన కామెంట్లు తీసేశాను. చర్చ బాగా నడుస్తోంది, అలాగే కానివ్వండి.

సగంకోణం · సోమవారం రాత్రి 10:20

బాబాయ్ గారు నా పని సగం తగ్గించారు. రవళి గారూ, ఉదయం అడిగారు కదా ఎలా చేయాలని. మీరన్నట్టు ముక్కలు చేయడమే, కానీ పద్ధతిగా.

ఒక్కో ముక్కలో క్షేత్రం మారదని అనుకోండి. ముక్క మధ్య క్షణంలో క్షేత్రం ఎంతుందో అది తీసుకోండి. దాని దిశ అక్షం, దాని బలాన్ని గామాతోనూ (క్షేత్రం బలం నుంచి లార్మర్ వేగాన్ని ఇచ్చే స్థిరాంకం) ముక్క కాలంతోనూ గుణిస్తే కోణం. ఈ భ్రమణాన్ని నాలుగు సంఖ్యలతో రాసుకోండి. సగం కోణం కొసైన్ మొదటిది. సగం కోణం సైన్‌ను అక్షం మూడు భాగాలతో గుణిస్తే మిగతా మూడు. వర్గాల మొత్తం 1 అవుతుంది. హామిల్టన్ 1843లో కనిపెట్టిన క్వాటర్నియన్లు ఇవే, పౌలీ మాత్రికలతో (స్పిన్ సగానికి వాడే 2×2 మాత్రికలు) చేసినా అక్షరం మారదు. ముక్కల్ని వరసగా గుణించండి, కొత్తది ఎప్పుడూ ఎడమ పక్కన రావాలి. కుడి పక్కన పెడితే కాలం క్రమం తలకిందులవుతుంది. ప్రోటాన్‌కి గామా ధనాత్మకం కాబట్టి భ్రమణం క్షేత్రం చుట్టూ మైనస్ దిశలో ఉంటుంది, అది మర్చిపోకండి. న్యూట్రాన్ అయితే తిరగబడుతుంది.

ఇలా చేస్తే రెండు లాభాలు. ఒకటి, స్పిన్ పొడవు ఎప్పటికీ మారదు, ఎందుకంటే చేసేది భ్రమణమే. ప్రతి అడుగులో ఆ క్షణపు వేగంతో సూటిగా ముందుకెళ్ళే ఆయిలర్ పద్ధతిలో పొడవు పెరుగుతూ పోతుంది. చుట్టుకు 100 అడుగులేసినా ఒక్క చుట్టుకే లంబభాగం 22 శాతం ఉబ్బుతుంది.

రెండోదాన్ని చాలామంది గమనించరు. ముక్కకు వచ్చే దోషం ముఖ్యంగా క్షేత్రానికీ దాని మార్పు రేటుకీ మధ్య క్రాస్ ప్రొడక్ట్ మీద ఆధారపడుతుంది. విలువ కావాలంటే ముక్క కాలం ఘనంతో గుణించి 12తో భాగించాలి. దిశ మారకపోతే అది సున్నా. మీ లెక్కలో మొదట్లో స్పిన్ ఎక్స్ చుట్టూ సెకనుకు 4.26 లక్షల చుట్లు తిరుగుతోంది, కానీ క్షేత్రం దిశ దాదాపు కదలట్లేదు. కాబట్టి 1 మైక్రోసెకను ముక్క చాలు. అందులో స్పిన్ దగ్గర దగ్గర సగం చుట్టు తిరిగేస్తుంది, అయినా దోషం రేడియన్‌లో లక్ష వంతుల లెక్కలోనే ఉంటుంది. రన్గే-కుట్టాకు అదే అడుగు ఇస్తే ఎక్స్‌కు లంబంగా ఉన్న భాగం ఒక్క అడుగులోనే దాదాపు మూడో వంతు కరిగిపోతుంది. దానికి ప్రతి చుట్టూ చూడాలి, మనకి అక్షం మారడం చూస్తే చాలు.

ఇంకా ఒకటి: గుణించుకుంటూ పోతే చివరికి మిగిలేది ఒకే భ్రమణం. స్పిన్ మొదట ఎటున్నా ఆ ఒక్క భ్రమణంతోనే జవాబు. ప్రతి మొదటి దిశకీ మళ్ళీ రన్ చేయక్కర్లేదు.

రవళి_ఎమ్మెస్సీ · మంగళవారం రాత్రి 11:10

చేశాను! 100 మైక్రోసెకన్లకు కొత్త జవాబు, అడుగు బాగా తగ్గించిన రన్గే-కుట్టా జవాబు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. ఆ ఊపులో బాబాయ్ గారి "టక్కున" ఎంత టక్కునో చూద్దామని టౌ మార్చి మార్చి నడిపాను. ఎక్స్ క్షేత్రం పూర్తిగా పోయాక జెడ్ చుట్టూ తిరిగే భాగం, అంటే సిగ్నల్ ఇచ్చే భాగం, మొత్తంలో ఎంతో చూశాను:

టౌ 5 మైక్రోసెకన్లు: 0.99 పైనే
టౌ 30 మైక్రోసెకన్లు: 0.87
టౌ 100 మైక్రోసెకన్లు: 0.32
టౌ 1 మిల్లీసెకను: కంప్యూటర్ సున్నా అంటోంది

31 మైక్రోసెకన్లు సరిహద్దు అన్నారు కదా సర్, అక్కడ సిగ్నల్ సగానికి పడిపోతుందనుకున్నాను. ఇంకా 87 శాతం ఉంది. ఇది సరైనదేనా?

సగంకోణం · బుధవారం ఉదయం 6:45

సరైనదే. సరిహద్దు అన్నది రెండు వేగాలూ ఒక స్థాయిలోకి వచ్చే చోటు మాత్రమే, సగం సిగ్నల్ గుర్తు కాదు. మీ కేసుకి అదృష్టవశాత్తూ చేత్తో రాయగలిగే జవాబు ఉంది. మొదటి క్షేత్రం చాలా పెద్దదైతే, చివర్లో జెడ్ వైపు మిగిలే భాగం ఒక హైపర్‌బోలిక్ టాంజెంట్. దాని లోపల పై (π) బై 2, జెడ్ లార్మర్ వేగం, టౌ, ఈ మూడింటి లబ్ధం ఉంటుంది. సిగ్నల్ ఇచ్చే భాగం 1ని అదే లబ్ధపు హైపర్‌బోలిక్ కొసైన్‌తో భాగిస్తే వస్తుంది. జెడ్ లార్మర్ వేగం సెకనుకు 11,500 రేడియన్లు. 30 మైక్రోసెకన్లకు లోపలి విలువ 0.54, జవాబు 0.87. 100కి 1.81, జవాబు 0.32. మీ కోడ్‌కి ఇంతకంటే మంచి పరీక్ష ఉండదు, వైవాలో ఈ రెండు వక్రాలూ ఒకే గ్రాఫ్ మీద పెట్టండి.

1 మిల్లీసెకనుకు లోపలి విలువ 18. అంటే ఈ ఫార్ములా ప్రకారం సిగ్నల్ కోటిలో ఒక వంతు కూడా ఉండదు. బాబాయ్ గారి మీటరు చెత్త అంకెలు చూపించడంలో వింతేమీ లేదు.

శ్రీకర్_ఎన్ఎంఆర్ · బుధవారం ఉదయం 9:10

ఇది మారే క్షేత్రంలో స్థితి తిరగబడే అవకాశానికి వాడే లాండౌ-జీనర్ ఫార్ములానా?

సగంకోణం · బుధవారం ఉదయం 9:35

దగ్గరి చుట్టం. లాండౌ-జీనర్‌లో క్షేత్రంలోని ఒక భాగం సున్నా దాటి అటు వైపు వెళ్తుంది, తగ్గడం కూడా సరళరేఖలో. ఇక్కడ సగం దారే నడుస్తుంది. రోజెన్, జీనర్ చేసిన ఇంకో లెక్క ఉంది, దీని కుటుంబం అదే. ఎక్స్‌పొనెన్షియల్ రూపాన్ని తర్వాత డెమ్కోవ్ చేశారు.

సరదాకి చెబుతున్నా, 1932లో అందరూ ఇదే పని మీద ఉన్నట్టున్నారు. లాండౌ, జీనర్, రోజెన్, వీళ్ళతో పాటు మాయొరానా కూడా. మారే క్షేత్రంలో పరమాణువులు ఎలా తిరుగుతాయో అన్నది ఆయన పేపర్. స్పిన్ ఎంత పెద్దదైనా స్పిన్ సగానికి కట్టిన భ్రమణం నుంచే దాని జవాబు రాబట్టొచ్చని అందులోనే చూపించారు. రవళి గారి నాలుగు సంఖ్యలే స్పిన్ 3/2కి కూడా పనిచేస్తాయి, పద్మజ గారు చెప్పిన వర్గం పదం లేనంత వరకు.

పద్మజ_డైమండ్ · బుధవారం మధ్యాహ్నం 12:20

మాయొరానా పేరు వచ్చింది కాబట్టి: క్షేత్రం సున్నా అయ్యే చోట లార్మర్ వేగం కూడా సున్నా. అక్కడ దిశ ఎంత నెమ్మదిగా మారినా స్పిన్‌కి అది హఠాత్తే. అయస్కాంత ఉచ్చుల్లో చల్లబరిచిన పరమాణువులు సరిగ్గా ఆ సున్నా బిందువు దగ్గర తలకిందులై కారిపోయేవి. కార్నెల్, వీమన్ బౌల్డర్‌లో ఆ సున్నాని పరమాణువుల చుట్టూ గిరగిరా తిప్పి, అవి దాని దగ్గరికి చేరకుండా చేశారు. 1995లో వాళ్ళు రుబీడియంతో బోస్-ఐన్‌స్టీన్ కండెన్సేట్ (పరమాణువులన్నీ ఒకే క్వాంటం స్థితిలోకి చేరే పదార్థ స్థితి) చేసింది ఆ ఉచ్చులోనే.

రవళి_ఎమ్మెస్సీ · బుధవారం రాత్రి 10:05

రెండు వక్రాలూ కలిశాయి. అందరికీ చాలా థాంక్స్. చివరిగా ఒక్క ప్రశ్న. బాబాయ్ గారు సిగ్నల్ ఒకటి రెండు సెకన్లలో సన్నగిల్లుతుందన్నారు. భ్రమణంలో పొడవు మారదని సర్ అన్నారు. మరి ఆ సన్నగిల్లడాన్ని నా కోడ్‌లో ఎక్కడ పెట్టాలి?

శ్రీకర్_ఎన్ఎంఆర్ · బుధవారం రాత్రి 10:40

భ్రమణంలో పెట్టకూడదు, పెట్టలేరు కూడా. అది ఒక్క స్పిన్ కథ కాదు, కోట్ల స్పిన్‌ల సగటు. ఒక్కోటి కాస్త వేరే వేగంతో తిరిగి చెదిరిపోవడం కొంత, చుట్టుపక్కల అణువులతో తగాదా కొంత. మామూలుగా ప్రతి ముక్కలో ముందు భ్రమణం చేసి, తర్వాత లంబభాగాన్ని టీ2తో (అది సన్నగిల్లే కాలం) కుదించి, సమాంతర భాగాన్ని టీ1తో (అది సమతాస్థితికి చేరే కాలం) సమతాస్థితి వైపు కొంచెం జరుపుతాం. భౌతిక శాస్త్రవేత్త ఫెలిక్స్ బ్లాఖ్ 1946లో రాసిన సమీకరణాల్లో ఉన్నది ఇదే. మీ లెక్క 1 మిల్లీసెకనుది, టీ2 సెకన్ల లెక్కలో ఉంది, కాబట్టి ప్రాజెక్టు వరకు వదిలేయొచ్చు. ఎగ్జామినర్ అడిగితే ఎందుకు వదిలేశారో ఆ రెండు అంకెలూ చెప్పండి.

కిరోసిన్_బాబాయ్ · గురువారం ఉదయం 6:10

మా మెషిన్లలో కరెంటు ఎక్స్‌పొనెన్షియల్‌గా కాదమ్మా, వోల్టేజీని ఒక హద్దులో కట్టేసి కోస్తారు, దాదాపు గీత గీసినట్టు తగ్గుతుంది. వీలుంటే దానికి కూడా ఒకసారి నడిపి గ్రాఫ్ ఇక్కడ పెట్టు. మా రోజుల్లో ఇది ఎవరూ లెక్కేసి చూపించలేదు.

రవళి_ఎమ్మెస్సీ · గురువారం ఉదయం 7:30

తప్పకుండా బాబాయ్ గారూ. 10 మిల్లీటెస్లా నుంచి సున్నాకి ఎంత టైములో దిగుతుందో ఉజ్జాయింపుగా చెప్పండి, ఈ రాత్రికే నడుపుతాను.